కష్టం కనబడాలిట!

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకి ఇప్పటికీ బోధపడలేదు. ఎవరైనా అడిగితే, "మావాడు సినిమాలు తీస్తాడు" అంటుంది. అన్న మరుక్షణమే, "హాల్లో ఆడేవి కావులెండి" అని తనే సర్దుకుంటుంది. "మరెక్కడ ఆడతాయండీ?" అని వాళ్ళు ఊరుకోకుండా అడిగితే, "ఫోనుల్లో ఆడతాయిట" అంటుంది. ఆ 'ట'లో, నా పదిహేనేళ్ళ వృత్తిమీద ఆవిడకున్న అభిప్రాయమంతా ఉంది.

ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. నేను తీసేవి చిన్న చిన్న సినిమాలు. ఎనిమిది నిమిషాలు, మహా అయితే పది. వాటిలో కట్టుకథ ఉండదు, పాటలుండవు. కాలేజీలో చదువుకుంటూ పరుగు పందాల్లోనో, కబాడీలోనో, బరువులెత్తడంలోనో పేరు తెచ్చుకుంటున్న పిల్లల దగ్గరికి వెళతాను. వాళ్ళు ఎటువంటి ఇంటినించి వచ్చారో, ఏం కష్టాలుపడి అంతవరకూ వచ్చారో వాళ్ళ నోటనే చెప్పించి, కెమెరాలో పట్టి, ముక్కలు అతికి సినిమాగా తయారుచేస్తాను. కాలేజీవారు డబ్బిస్తారు. వార్షికోత్సవంనాడు తెరమీద వేస్తారు. తరవాత యూట్యూబులో పెడతారు. తమ కాలేజీలో ఇటువంటి పిల్లలు తయారవుతున్నారని పదిమందికీ తెలియాలిగదా!

నన్ను పిలిచిన ప్రతి కాలేజీవారూ మొదటిరోజునే అనే మాట ఒకటుంది. "ఆటదేముందండీ, అది అందరూ చూపిస్తారు. కష్టం కనబడాలి."

కష్టం కనబడేటట్టు చెయ్యడానికి మా వృత్తిలో ఒక పాకం ఉంది. ముందు తెల్లవారుజాము చీకటి. ఆ చీకట్లో ఒంటరిగా పరుగెత్తే ఓ నీడ. తరవాత అరిగిపోయిన బూట్లు, బాగా దగ్గరగా. ఆ తరవాత రేకుల ఇల్లు, ఇంట్లో పొయ్యి, పొయ్యిదగ్గర తల్లి. గోడమీద దండవేసిన తండ్రి పటం ఉంటే మరి చెప్పనే అక్కరలేదు. వెనకాల వయొలిను సన్నగా మూలుగుతూ ఉండాలి. ఆరో నిమిషానికి ఆ కుర్రవాడో, కుర్రదో కంటనీరు పెట్టుకోవాలి. ఏడో నిమిషానికి మెడలో పతకం పడాలి. ఎనిమిదో నిమిషానికి కాలేజీ భవనం, ఆకాశంలోనించి.

కంటనీరు అడిగినప్పుడల్లా ఎలా వస్తుందంటారా? అందులో మంత్రం ఏమీ లేదు. "అమ్మ గురించి చెప్పమ్మా" అని అడుగుతాం. ఆ పిల్ల ఏదో చెప్పి ఆగుతుంది. మామూలుగా మనం నలుగురిలో మాట్లాడుకునేటప్పుడు ఎదటివాళ్ళు ఆగగానే మనం అందుకుంటాం. అది మర్యాద. కెమెరా పక్కన కూర్చున్నవాడు అందుకోడు. ఊరికే చూస్తూ కూర్చుంటాడు. రెండు క్షణాలు, నాలుగు క్షణాలు... ఆ మౌనం భరించలేక ఎదటివాళ్ళు ఇంకేదో చెబుతారు. అలా రెండోసారి వచ్చేదే లోపలి మాట. దాని వెనకే కన్నీళ్ళు వస్తాయి. ఈ విద్య నేను బాగా నేర్చుకున్నాను. నేర్చుకున్నందుకు గర్వపడేవాణ్ణి కూడాను.

కిందటేడు విశాఖపట్నంలో ఒక కాలేజీవారు నన్ను పిలిచి ఒక అమ్మాయి సంగతి చెప్పారు. బి.ఏ. రెండో సంవత్సరం. హర్డిల్సు పరుగెత్తుతుంది. ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో కాస్సేపట్లో మీకే తెలుస్తుంది.

"తండ్రి లేడు. తల్లి నాలుగిళ్ళలో పాచిపని చేస్తుంది. బ్రహ్మాండంగా ఉంటుందండీ!" అన్నారు కాలేజీ ప్రచారం చూసే ఆయన. తండ్రి లేకపోవడం బ్రహ్మాండం ఎలా అయిందో అప్పుడు నాకు తట్టలేదు. నేనూ బాగుంటుందనే తల ఊపాను.

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి కెమెరా కుర్రాణ్ణి వెంటబెట్టుకుని గ్రౌండుకి వెళ్ళాను. అప్పటికే పీడీగారు హర్డిల్సు వరసగా పెట్టిస్తున్నారు. ఆ అమ్మాయి ఓ పక్కన కాళ్ళు చాపుకుని ఒళ్ళు సాగదీస్తోంది. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టి, మళ్ళీ తన పనిలో పడింది.

ఈ పందెం చూడనివారికోసం నాలుగు మాటలు చెబుతాను. ఆడపిల్లల హర్డిల్సు వంద మీటర్లు. దారిలో పది అడ్డుకర్రలుంటాయి. ఒక్కొక్కటీ దాదాపు 84 సెంటీమీటర్ల ఎత్తు. మన ఇళ్ళల్లో భోజనాల బల్లకంటే ఎత్తన్నమాట. బయల్దేరిన గీతనించి మొదటిదానికి 13 మీటర్లు. అక్కడినించి ఒకదానికీ మరొకదానికీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. ఆ ఎనిమిదిన్నర మీటర్లలో మూడంటే మూడే అడుగులు వెయ్యాలి. నాలుగో అడుగు పడిందా, పందెం పోయినట్టే. కాలు తగిలి కర్ర పడిపోతే తప్పులేదు. కాని దాంతోపాటు వేగమూ పడిపోతుంది. ఇంత వ్యవహారమూ పదమూడు, పద్నాలుగు సెకన్లలో ముగిసిపోతుంది. మనం గుమ్మంలో చెప్పులు వెతుక్కుని తొడుక్కునేలోపల.

ఇదంతా ఆ అమ్మాయే నాకు చెప్పింది. గ్రౌండు గట్టుమీద కూర్చోబెట్టి, కాలరుకి చిన్న మైకు తగిలించి, "నీ కష్టాలేమిటో చెప్పమ్మా" అన్నాను.

"మూడో హర్డిల్ దగ్గర గొడవ సార్" అంది వెంటనే. "మొదటి రెండూ బాగానే దాటతాను. రెండోది దాటి దిగగానే నా కుడికాలు కొంచెం పొట్టిగా పడుతుంది. పడుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంటుంది. మూడోది దగ్గరికొచ్చేసరికి అందదేమోనని భయం వేస్తుంది. భయం వేస్తే పైకి ఎగురుతాను. ఎగరకూడదు సార్. ఎగిరితే గాలిలోనే ఆలస్యమైపోతుంది. దూకడం వేరు, దాటడం వేరు."

ఇలా అరగంట చెప్పింది. చేతులతో చూపించింది. పుల్ల తీసుకుని నేలమీద గీసి మరీ చూపించింది. నేను "ఊఁ, ఊఁ" అంటూనే ఉన్నాను. మనసులో మాత్రం, ఇది ఎప్పుడవుతుందా, వాళ్ళమ్మ దగ్గరికి ఎప్పుడు వస్తామా అని చూస్తున్నాను.

వచ్చాం. "అమ్మ గురించి చెప్పమ్మా" అన్నాను. చెప్పి ఆగింది. నేను అందుకోలేదు. రెండు క్షణాలు, నాలుగు క్షణాలు... అమ్మ చేతులు సబ్బునీళ్ళకి పగిలి రాత్రిళ్ళు మంట పుడితే కొబ్బరినూనె రాసుకుని పడుకుంటుందనీ, తనకి స్పైకుల బూట్లు కొన్న నెలలో అమ్మ ముక్కుపుడక తాకట్టుకి వెళ్ళిందనీ, అది ఇంకా తిరిగి రాలేదనీ చెప్పింది. చెప్పి ఏడ్చింది.

ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఒక్క ప్రశ్న అడిగింది. "ఇది ఎవరు చూస్తారు సార్?"

"మీ కాలేజీవాళ్ళేనమ్మా. వార్షికోత్సవంలో వేస్తారు" అన్నాను.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. తరవాత యూట్యూబులో పెడతారని నాకు తెలుసు. ఆ పిల్ల సంతకం పెట్టిన కాగితంలో ఆ సంగతి ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంది కూడా. కాని నోరు తెరిచి అడిగినప్పుడు నేను నోరు తెరిచి చెప్పలేదు. చెబితే ఎక్కడ వద్దంటుందోనని.

ఆ మర్నాడు, తల్లి పనిచేసే ఇళ్ళలో ఒకదానికి వెళ్ళాం. ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు. "పెరట్లోనే గదా బాబూ, పరవాలేదు" అంది తల్లి. ఆ ఒక్క మాటా నాకు చాలింది. కుళాయిదగ్గర గిన్నెల గుట్ట ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టి తీశాం. పొద్దుటి ఎండ నీళ్ళమీద పడి ఆ పగిలిన చేతులమీద మెరిసింది. "అదిరింది సార్" అన్నాడు కెమెరా కుర్రాడు. నాకూ అలాగే అనిపించింది.

వార్షికోత్సవంనాడు హాలు కిటకిటలాడిపోయింది. సినిమా మొదలైన అయిదో నిమిషానికి దగ్గేవాడు కూడా లేడు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు పైట చెంగులతో కళ్ళొత్తుకున్నారు. ముఖ్య అతిథిగారు ఆ పిల్లని వేదికమీదికి పిలిచి శాలువా కప్పారు. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. వినయం కాబోలు అనుకున్నాను.

నాకు రావలసిన డబ్బు మర్నాడే ఇచ్చేశారు. మా వృత్తిలో ఇది పతకం రావడంకంటే గొప్ప విశేషం సుమండీ!

వారం తిరిగేసరికి ఎవరి ఫోనులో చూసినా అదే వీడియో. నాకు తెలిసినవాళ్ళే, నేను తీశానని తెలియక, నాకే పంపించారు. దానికింద ఒకరు "ఈ తల్లికి పాదాభివందనం" అని రాశారు. ఒకరు ఆ అమ్మాయిని కట్నం లేకుండా పెళ్ళి చేసుకుంటానన్నారు. ఇంకొకరు డబ్బు పంపిస్తాం, బ్యాంకు నెంబరు చెప్పమన్నారు. ఆ పిల్ల ఎన్ని సెకన్లలో పరుగెత్తుతుందని మాత్రం ఒక్కరూ అడగలేదు. మా అమ్మకి చూపించాను. చివరిదాకా చూసి, "పాపం!" అంది. ఫోను నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పదిరోజులయ్యాక పీడీగారు ఫోను చేశారు. "ఆ అమ్మాయి వారం రోజులుగా గ్రౌండుకి రావడంలేదండీ. ఇంకో నెలలో యూనివర్సిటీ జట్టుకి సెలక్షన్లు. మీరేమైనా చెప్పి చూస్తారా?"

"నేనేం చెబుతానండీ?" అన్నాను.

"మీ సినిమా వచ్చిందగ్గరనించే ఇలా జరుగుతోంది" అన్నారాయన నెమ్మదిగా.

సంగతి విచారిస్తే తెలిసింది. ఆ పెరటి ఇంటివాళ్ళ కూతురు అమెరికాలో ఉంది. వీడియో తిరిగి తిరిగి అక్కడికీ చేరింది. "అమ్మా, మన పెరడూ, మన కుళాయీ లోకమంతా చూస్తోంది" అని తల్లికి ఫోను చేసిందట. ఆ ఇల్లాలికి తల కొట్టేసినట్టయింది. "నా ఇంట్లో నేను లేనప్పుడు కెమెరాలు ఎవరు పెట్టమన్నారు? మేమేదో రాక్షసులమైనట్టు చూపించారు. రేపటినించి నువ్వు రావద్దు" అందట. అందులో ఆవిడ తప్పు నాకేమీ కనబడలేదు. అడగవలసినవాణ్ణి నేను, అడగలేదు. అది చూసి ఇంకో ఇంటివాళ్ళు కూడా, మనకెందుకొచ్చిన గొడవ అనుకుని పని మాన్పించేశారు. నాలుగిళ్ళు రెండిళ్ళయ్యాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా మా ఆవిడతో చెప్పాను. ఏదైనా ఓదార్పు మాట అంటుందేమోనని నా ఆశ. ఆవిడ వడ్డిస్తున్న గరిట అలాగే పట్టుకుని, "ఆ కుళాయిదగ్గర కూర్చున్నది మన పనిమనిషి అయి, ఆ పెరడు మనదయితే మీరు తీసేవారా?" అంది.

నేను మాట్లాడలేదు. ఆవిడ కూడా అందుకోలేదు. రెండు క్షణాలు, నాలుగు క్షణాలు... నా విద్య నామీదే ప్రయోగిస్తోందని అర్థమై, "తీసేవాణ్ణి కాదు" అన్నాను.

మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఇటువంటి ఇంటికి కెమెరా లేకుండా వెళ్ళడం నాకు అదే మొదటిసారి. గుమ్మంలో నిలబడ్డాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏటి బాబూ, అక్కడే నిలబడిపోనారు? లోపలికి రండి, కూకోండి" అని తల్లి కుర్చీ తుడిచి వేసింది. టీ నీళ్ళు పొయ్యిమీద పెట్టింది. నేను క్షమాపణ మొదలుపెట్టేసరికి, "పనికేటి కరువు బాబూ! ఆ ఇల్లు కాపోతే ఇంకో ఇల్లు. ఈపాలి మాత్రం ఇంటోళ్ళని అడిగి తియ్యండి" అంది.

ఆవిడ అంత తేలిగ్గా వదిలేసింది. కూతురు వదల్లేదు. గోడకి ఆనుకుని నిలబడి, నావంక చూడకుండానే మాట్లాడింది.

"నేను మీతో రెండు గంటలు మాట్లాడాను సార్. మీరు రెండు నిమిషాలు ఉంచారు. ఆ రెండు నిమిషాలూ నేను ఏడ్చినవే."

నేను ఏదో అనబోయాను.

"ఏడ్చినందుకు కాదు సార్ నా బాధ. మా అమ్మ పని చూపించినందుకూ కాదు. అమ్మ పనంటే నాకు సిగ్గులేదు. నిన్నమొన్నటిదాకా పక్క లైన్లో నిలబడే పిల్లలు నన్ను చూస్తే భయపడేవారు. ఇప్పుడు జాలిపడుతున్నారు. జాలిపడేవాళ్ళ పక్కన నిలబడి నేనెలా పరుగెత్తేది?"

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. తల తిప్పుకుని గోడవంక చూశాను. సినిమా తీసిననాడు ఆ గోడమీద దండవేసిన తండ్రి పటం ఒక్కటే నాకు కనిపించింది. పటం పక్కనే పెన్సిలుతో రాసిన అంకెలున్నాయి. 13.03. దానికింద 13.09. రెండింటి చుట్టూ సున్నాలు చుట్టి ఉన్నాయి. సినిమా తీసిననాడూ అవి అక్కడే ఉండి ఉండాలి.

"ఇవి నీ టైములా?" అన్నాను.

ఆ పూట మొదటిసారి నవ్వింది. నా అజ్ఞానం చూసి. "నావా! జ్యోతి అక్కవి సార్."

జ్యోతి యర్రాజి పేరు మీరూ వినే ఉంటారు. మా విశాఖపట్నం పిల్లే. ఈ వంద మీటర్ల హర్డిల్సులో 2002లో అనూరాధా బిశ్వాల్ 13.38 సెకన్లతో పెట్టిన భారత రికార్డు ఇరవై ఏళ్ళపాటు ఎవరికీ చెక్కుచెదరలేదు. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అఖిల భారత విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 13.03లో పరుగెత్తింది. కాని అక్కడ ఆమెకి మాదకద్రవ్య పరీక్ష జరగలేదు. జాతీయ సమాఖ్య తరఫున పర్యవేక్షకుడూ లేడు. అంచేత అది రికార్డు కాదన్నారు. 2022 ఏప్రిల్లో కోజికోడ్‌లో 13.09. ఈసారి వెనకనించి వీచే గాలి సెకనుకి 2.1 మీటర్లుంది. 2.0 దాటకూడదని నిబంధన. పదో వంతు మీటరు గాలి ఎక్కువైనందుకు అదీ లెక్కలోకి రాలేదు. ఆ మరుసటి నెలలో సైప్రస్ వెళ్ళి 13.23లో పరుగెత్తితే, అప్పుడు రికార్డు అన్నారు. లెక్కకి రాని ఆ రెండూ లెక్కకి వచ్చినదానికంటే వేగమైనవి! 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78లో పరుగెత్తి కంచు పతకం తెచ్చుకుంది.

"పేపర్లవాళ్ళందరూ ఆవిడ నాన్నగారు సెక్యూరిటీ గార్డనీ, అమ్మ ఇళ్ళలో పనిచేసేదనీ రాస్తారు సార్. నిజమే, కష్టమే. కాని రెండుసార్లు రికార్డు దాటి, రెండుసార్లూ కాదనిపించుకుని, మూడోసారి మళ్ళీ వెళ్ళి గీతదగ్గర వంగింది చూశారా, అదీ కష్టం. అది ఎవరు తీస్తారు?" అంది ఆ పిల్ల.

టీ చల్లారిపోయింది. తాగి ఇంటికొచ్చాను.

ఆ రాత్రి కంప్యూటరు ముందు కూర్చుని, తీసిన సరుకంతా మొదటినించి విన్నాను. రెండు గంటలు. తీసేటప్పుడు పక్కనే కూర్చున్నవాణ్ణి. వినడం మాత్రం అప్పుడే. పోటీలకి వెళ్ళిన రోజులు హాజరులోకి రావడానికి ఎన్ని కాగితాలమీద ఎంతమంది సంతకాలు కావాలో చెప్పింది. హాజరు చాలక హాల్‌టికెట్టు ఆపేస్తే, పరీక్ష ముందురోజు సాయంత్రం దాకా ఆఫీసు వరండాలో కూర్చున్న సంగతి చెప్పింది. రైల్లో రిజర్వేషను దొరక్క జనరల్ పెట్టెలో తలుపు దగ్గర రాత్రంతా మోకాళ్ళు ముడుచుకు కూర్చుని, తెల్లారి అవే మోకాళ్ళతో పరుగెత్తిన సంగతి చెప్పింది. నెలలో ఆ నాలుగు రోజుల్లో పందెం పడితే, పీడీగారు మగాయన, ఎవరితో చెప్పుకోవాలో తెలియదంది. మేనమామ ఓ సంబంధం తెచ్చి, "ఈ గెంతులు ఇంకా ఎన్నాళ్ళే?" అని అడిగితే, "ఇంకా పది ఉన్నాయి మావయ్యా" అన్నానని చెప్పి పకపకా నవ్వింది.

ఇవన్నీ నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్పింది కనక పనికిరావని పక్కన పడేశాను.

నాకు ఈ పని నేర్పిన మాస్టారు మొట్టమొదట చూపించిన సినిమా 'హూప్ డ్రీమ్స్'. 1994లో వచ్చింది. స్టీవ్ జేమ్స్ అనే ఆయన ఇద్దరు స్నేహితులతో కలిసి, చికాగోలో బాస్కెట్‌బాల్ ఆడే ఇద్దరు పేదింటి నల్లజాతి కుర్రాళ్ళ వెంట హైస్కూలునించి కాలేజీ గుమ్మందాకా ఏళ్ళ తరబడి తిరిగాడు. అరగంట సినిమాకని మొదలుపెట్టి, దాదాపు 250 గంటలు తీసి, చివరికి మూడు గంటలకి కాస్త తక్కువగా తేల్చారు. అందులో ఒక కుర్రాడి ఇంట్లో బిల్లు కట్టలేక కరెంటు తీసేస్తారు. ఆ చీకటి సినిమాలో ఉంది. కాని తీసినవాళ్ళు ఆ చీకటిని పట్టుకుని తమదారిన తాము పోలేదు. మళ్ళీ దీపం వెలగడానికి సాయంచేశారు. వాళ్ళు తిరిగింది ఏళ్ళు. నేను తిరిగింది మూడు రోజులు. వాళ్ళు దీపం వెలిగించారు. నేను రెండిళ్ళు ఆర్పాను.

మర్నాడు కాలేజీకి వెళ్ళి ఆ వీడియో తీసెయ్యమన్నాను. ప్రచారం చూసే ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఈ ఏడు అడ్మిషన్లన్నీ దానిమీదే గదండీ! ఇంత పేరు వస్తుంటే తీసెయ్యమంటారేమిటి?" పైసా పుచ్చుకోకుండా ఇంకోటి తీసి ఇస్తానన్నాను. ససేమిరా అన్నారు. పీడీగారు వచ్చి, ఆ పిల్ల సెలక్షన్లకి రాకపోతే కాలేజీకి వచ్చే పేరూ రాదన్నాక దిగివచ్చారు. యూట్యూబునించి తీసేశారు. కాని అప్పటికే ఎందరి ఫోనుల్లో ఉందో! గాలికి వదిలిన దూదిని మళ్ళీ మూట కట్టడం ఎవరి తరం?

ఆ పిల్ల గ్రౌండుకి వచ్చింది. రెండో సినిమాకి ఒప్పుకోవడానికి ఒకే ఒక షరతు పెట్టింది. "మూడో హర్డిల్ ఉండాలి." తల్లి కూడా ఒక షరతు పెట్టింది. "నన్ను కుర్చీలో కూకోబెట్టి తియ్యండి బాబూ. ఎర్రంచు చీర కట్టుకుంటాను."

కట్టుకుంది. కూర్చుంది. నేను "అమ్మాయి గురించి చెప్పండమ్మా" అన్నాను. చెప్పి ఆగినప్పుడల్లా మర్యాదగా అందుకున్నాను. అయినా ఆవిడ చెప్పవలసినది చెప్పింది. "సిన్నప్పుడు ఈదిలో గోడలన్నీ ఎక్కి దూకేసేది. కాలిరగ్గొట్టుకుంటావే అని తిట్టేదాన్ని. ఇప్పుడు అయ్యే దూకితే కాలేజీవోళ్ళు ఫీజొగ్గేసినారు!"

సెలక్షన్లనాడు నేనూ వెళ్ళాను. మొదటిది దాటింది. రెండోది దాటింది. నా గుండె నోట్లోకి వచ్చింది. మూడోది... ఎగరలేదు. దాటింది. నేను కెమెరా సంగతి మరిచిపోయి కేక పెట్టాను. ఆ కేక సినిమాలో అలాగే ఉంది. కాని ఏడో హర్డిల్‌కి మోకాలు తగిలింది. తూలి, నిలదొక్కుకుని, నాలుగోదిగా వచ్చింది. జట్టులోకి తీసుకునేది ఇద్దర్నే.

నేను కెమెరా దించాను. ఆ పిల్ల రొప్పుకుంటూ నా దగ్గరికి వచ్చి, "నాలుగోది కూడా వెయ్యండి సార్. ఏడోది తగలడం కూడా వెయ్యండి. మూడోది చూశారా?" అంది. ముఖం వెలిగిపోతోంది.

సినిమా ఆరు నిమిషాలొచ్చింది. వయొలిను లేదు. స్పైకుల చప్పుడు, కర్ర తగిలిన చప్పుడు, ఊపిరి చప్పుడు, అంతే. ముందు వాళ్ళింట్లోనే కంప్యూటరు పెట్టి వాళ్ళిద్దరికీ చూపించాను. ఎవరెవరు చూస్తారో, ఎక్కడెక్కడ పెడతానో తెలుగులో చెప్పాను. ఇద్దరూ సరేనన్నాక బయటపెట్టాను. కాలేజీ ఆయన చూసి, "ఇందులో కష్టం ఏదండీ? పతకం ఏదండీ?" అని పెదవి విరిచారు. వార్షికోత్సవంలో వెయ్యలేదు. చూసినవాళ్ళ సంఖ్య కూడా అంతంతమాత్రం. కాని పీడీగారు ఈ ఏడు కొత్తగా చేరిన పిల్లలందరికీ అదే చూపించారు. ఎక్కడో ఇంకో ఊళ్ళో హర్డిల్సు నేర్చుకుంటున్న ఒక పిల్ల, "కుడికాలు పొట్టిగా పడకుండా ఆ అక్క ఏం చేసిందో అడిగి చెబుతారా?" అని నాకు రాసింది. ఈ అమ్మాయికి పంపించాను. ఓపిగ్గా రెండు పేజీల జవాబు రాసింది.

పోయిన ఇళ్ళ జీతం నేను ఇవ్వబోతే తల్లి పుచ్చుకోలేదు. మా ఆవిడ వెళ్ళి ఇస్తే పుచ్చుకుంది. అందులో ఏదో మర్మం ఉంది కాబోలు. తనకి తెలిసినవాళ్ళ ఇంట్లో పని కూడా మా ఆవిడే చూసిపెట్టింది. ఆ ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు గాని, మీ ఆయన కెమెరా పట్టుకుని మా ఇంటి ఛాయలకి రాకూడదన్నారట.

ఈ పని నేను మానలేదు. మానితే తినేదెలా? ఇప్పటికీ కాలేజీలవారు పిలుస్తూనే ఉన్నారు. "కష్టం కనబడాలండీ" అంటూనే ఉన్నారు. చిత్తం అంటాను. అని, ఆ పిల్లల దగ్గర కూర్చుని, వాళ్ళు దేన్ని కష్టం అంటారో ముందు అది వింటాను.

రెండో సినిమా మా అమ్మకి చూపించడానికి చాలారోజులు జంకాను. మొన్న ఒకనాటి మధ్యాహ్నం చూపించాను. చత్వారం కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని చూసింది. మూడో హర్డిల్ దగ్గర నా కేకకి ఉలిక్కిపడింది. అయిపోయాక ఫోను నా చేతికివ్వలేదు. మళ్ళీ మొదటినించి పెట్టమంది. రెండోసారి కూడా చూసింది.

ఈసారి "పాపం" అనలేదు.

"మూడోది అంత బాగా దాటిన పిల్లకి ఏడోది ఎందుకు తగిలిందిరా?" అంది. నేను ఏదో చెప్పేలోపలే, "మళ్ళీ పందెం ఎప్పుడుట?" అంది.